అత్తయ్యగారిని మూడు రోజులు ఒకరికి అప్పగించి పుట్టింటికి వెళ్తే తప్పా?

పాలకొల్లు వైపు కోడలు:

నమస్కారం అండి. ఏడాదిగా ఇక్కడ అందరివీ చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు. ఇప్పుడు రాత్రి రెండుంపావు. మా అత్తయ్యగారిని ఎడమ పక్కకి తిప్పి వచ్చాను. మళ్ళీ నాలుగింటికి తిప్పాలి. ఈ కాసేపటికి నిద్ర పట్టదు, పట్టినా అలారం మోగకముందే మెలకువ వచ్చేస్తుంది. అందుకని రాస్తున్నాను.

మాది పాలకొల్లు దగ్గర పల్లె. నాకు 44 ఏళ్ళు, అత్తయ్యగారికి 72. పోయినేడు అట్లతద్ది మర్నాడు పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేస్తూ పక్కకి ఒరిగిపోయారు. మూతి వంకర తిరిగింది. నీరసమేమో అనుకుని ముందు ఊళ్ళోనే చూపించాం. సెలైన్ పెట్టారు. అది అయ్యేదాకా కూర్చుని, ఆ తరువాత కారు మాట్లాడుకుని టౌన్లో ఆస్పత్రికి వెళ్ళేసరికి మధ్యాహ్నం అయిపోయింది. నాలుగున్నర గంటల్లోపు వచ్చి ఉంటే గడ్డ కరిగే ఇంజెక్షన్‌కి వీలుండేదేమో అన్నారు అక్కడ. ఆ మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాటల్లో ఒక్కటే మిగిలింది, “పాపా” అని. ఆకలేసినా పాపా, తడిసినా పాపా, కొడుకుని చూసినా పాపా.

ఆవిడ ఎలాంటి మనిషో కూడా చెప్పాలి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నాకు కుట్టుపని వచ్చని తెలిసి, తన గొలుసు తాకట్టు పెట్టి మిషను కొనిపెట్టారు. మా అమ్మాయి పుట్టి ఇక్కడికి వచ్చాక, రాత్రిళ్ళు పిల్లని తన పక్కలో వేసుకుని నన్ను నిద్రపోనిచ్చేవారు. పాలకి ఏడిస్తేనే లేపేవారు. కాబట్టి ఆవిడకి చెయ్యడం నాకు ఇష్టం లేక ఇదంతా రాస్తున్నానని దయచేసి అనుకోకండి.

మా ఆయన మూడెకరాల రొయ్యల చెరువు లీజుకి చేస్తున్నారు. వనామి రకం రొయ్య. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి రాత్రి పదింటికి వెళ్ళి నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లు చూసుకుంటూ అక్కడే ఉంటారు, ఐదున్నరకి వస్తారు. కరెంటు పోయి జనరేటర్ సమయానికి ఎక్కకపోతే పంటంతా పోతుంది. అందుకని రాత్రిళ్ళు ఇంట్లో ఉండమని నేను అడగలేను. అమ్మాయి భీమవరంలో హాస్టల్లో ఉండి ఇంటర్ సెకండియర్ చదువుతోంది. అంటే రాత్రంతా నేనూ, అత్తయ్యగారూ. పగలు మళ్ళీ నేనే. జావ, మందులు, డైపరు, ఒళ్ళు తుడవడం, ఫిజియో అబ్బాయి చూపించిన కసరత్తులు, దుప్పట్లు ఉతకడం. తల దువ్వడానికే అరగంట. ఆవిడ జుట్టు నడుము దాకా ఉంటుంది, పడుకునే ఉంటారు కదా, రోజూ చిక్కులు కట్టేస్తుంది. పండగ ముందు నెల అంటే నాకు అరవై, డెబ్బై జాకెట్లు వచ్చే రోజులు. ఈ ఏడు మిషను మీద దుప్పట్ల దొంతర పెట్టుకున్నాను.

అసలు సంగతి ఇది. పోయిన గురువారం రాత్రి మూడోసారి తడిపారు. అప్పుడే మార్చి పడుకున్నాను. లేచి వెళ్ళి “ఎన్నిసార్లండీ!” అని గట్టిగా అరిచి, చెయ్యి పట్టుకుని గుంజి పక్కకి తిప్పాను. కుడి చెయ్యి. ఆవిడ ఎడం చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకున్నారు, కొడతానేమో అన్నట్టు. నేను కొట్టలేదండి. కానీ పొద్దున్న చూస్తే మణికట్టు దగ్గర కమిలి ఉంది. మా ఆయనకి చెప్పలేదు. దాని మీద నూనె రాసి, గాజు తీసేశాను. ఆ రోజు నుంచీ నాకు నా మీదే భయంగా ఉంది. ఇంకోసారి ఏం చేస్తానో అని.

మా పుట్టిల్లు అంబాజీపేట దగ్గర ముక్కామల. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. పదకొండు ఊళ్ళ నుంచి రుద్రుల ప్రభలు, అంటే వెదురుతో ఎత్తుగా కట్టి అలంకరించి దేవుణ్ణి పెట్టేవి, భుజాల మీద మోసుకుంటూ తెస్తారు. అందులో మా ఊరి ప్రభ కూడా ఉంటుంది. పెళ్ళయ్యాక పిల్లకి ఒంట్లో బాగోక ఒక్క ఏడు మానాను, మళ్ళీ పోయినేడు. ఈ ఏడు ఎలాగైనా మూడు రోజులు వెళ్ళి రావాలని ఉంది. మా అమ్మ దగ్గర పడుకుని నిద్రపోవాలని ఉంది. అంతే.

ఇంట్లో అంటే మా ఆయన “ఎవరు చూస్తారు?” అన్నారు. కోపంగా కాదు, నిజంగానే తెలియక అన్నారు. మా ఆయన అక్కగారు తణుకులో ఉంటారు. రోజూ సాయంత్రం ఫోన్ చేసి “అమ్మ తిందా?” అని అడుగుతారు. మరిది హైదరాబాద్ నుంచి నెలకి ఐదు వేలు పంపుతాడు, ఆ మాట చెప్పుకోవాలి. రాజమండ్రి నుంచి ఒక ఆయాని పెట్టుకుంటే నాలుగో రోజున వెళ్ళిపోయింది.

మీలో ఇలా చూసుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. అలా వెళ్ళొచ్చా? వెళ్తే ఆవిడకి ఏమైనా అవుతుందా? ఆ గురువారం రాత్రి నేను చేసిన పని వేరేవాళ్ళు ఎవరైనా చేశారా?

అమలాపురం నర్సమ్మ:

అమ్మా, నేను ప్రభుత్వాసుపత్రిలో 31 ఏళ్ళు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. తరువాత మా ఆయన్ని రెండేళ్ళు మంచంలో చూసుకున్నాను. నీ చివరి ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను. అవును, నేను చేశాను. ఉద్యోగంలో ఎప్పుడూ ఒక పేషెంటు మీద చెయ్యి విసరనిదాన్ని, ఇంట్లో ఆయన అన్నం గిన్నె తోసేస్తే భుజం పట్టుకుని ఊపేశాను. ఆసుపత్రిలో ఎనిమిది గంటలు చేసి ఇంటికొచ్చి పడుకునేదాన్ని. ఇంట్లో డ్యూటీ దిగడం ఉండదు. తేడా అదే.

ఇప్పుడు ఆ చెయ్యి సంగతి. పక్షవాతం వచ్చిన వైపు చేతిని ఎప్పుడూ పట్టి లాగకూడదు. కండరాలు వదులైపోయి భుజం కీలు జారుతుంది, ఆ నొప్పి నెలల తరబడి ఉంటుంది. ఆవిడ రక్తం పల్చబడే మాత్రలు వాడుతూ ఉంటారు, ఆస్పిరినో క్లోపిడోగ్రెలో, చీటీలో చూడు. అవి వాడేవారికి కొంచెం గట్టిగా పట్టుకున్నా కమిలిపోతుంది. అంటే ఆ మచ్చ చూసి నువ్వు అనుకున్నంత గట్టిగా గుంజి ఉండకపోవచ్చు. అయినా రేపే ఫిజియో అబ్బాయికి భుజం చూపించు. మీ ఆయనకి కూడా చెప్పు. దాచుకుంటే భయం పెరుగుతుంది తప్ప తగ్గదు.

తిప్పడానికి చెయ్యి పట్టుకోవద్దు. పాత చీరని నాలుగు మడతలు వేసి, భుజాల నుంచి తొడల దాకా వచ్చేలా ఆవిడ కింద పరుచు. ఆవిడని తిప్పాల్సిన వైపు నిలబడి, ఆవిడ అవతలి మోకాలు మడిచి, అవతలి చీర అంచు పట్టుకుని నీ వైపుకి లాక్కో. నీ మోకాళ్ళు వంచు, నడుము కాదు. మంచం పొట్టిదైతే కాళ్ళ కింద ఇటుకలు పెట్టించి, కదలకుండా చూసుకో. నీ నడుము పోతే ఆవిడని లేపేవాళ్ళు ఉండరు.

ఇక నిద్ర. నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది ఇదే. రెండు గంటలకోసారి తిప్పమని డిశ్చార్జ్ చేసేటప్పుడు చెప్తారు, నిజమే. కానీ పద్నాలుగు నెలలు ఒక్క మనిషి రాత్రంతా అలా చెయ్యలేదు. గాలి పరుపు వాడుతున్నావా? వాడుతూ, చర్మం బాగుంటే, రాత్రి పూట మూడు లేక నాలుగు గంటలకి పెంచవచ్చా అని డాక్టరుని అడుగు. చాలామందికి సరేనంటారు. అరగంట చొప్పున పెంచుకుంటూ వెళ్ళు. పొద్దున్నే నడుము కింద, తుంటి దగ్గర, మడమలు, మోచేతులు చూడు. ఎర్రబారలేదంటే సరిపోయినట్టే. నీళ్ళూ మజ్జిగా ఎక్కువ భాగం సాయంత్రం ఆరులోపు తాగించేసెయ్. అలాగని నీళ్ళు తగ్గించకు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది. రాత్రికి ఎక్కువ పీల్చే డైపరు వెయ్యి. ఇవన్నీ కలిస్తే నీకు ఒక్క విడతలో నాలుగు గంటల నిద్ర దొరుకుతుంది. అప్పుడు గురువారం రాత్రిలాంటిది చాలావరకు రాదు.

పుట్టింటికి తప్పకుండా వెళ్ళు. ఆవిడకి ఏమీ కాదు, నీ బదులు ఉండే మనిషికి పని నేర్పి వెళ్తే. ఆ మనిషిని మూడు రోజుల ముందే రమ్మను. మొదటి రోజు నువ్వు చేస్తుంటే ఆవిడ చూడాలి. రెండో రోజు ఆవిడ చేస్తుంటే నువ్వు పక్కన నిలబడు. మూడో రోజు నువ్వు వంటింట్లో కూర్చో, ఎంత చప్పుడైనా పిలవకుండా రాకు. తినిపించడం దగ్గర మాత్రం పట్టుపట్టు. వీపు నిటారుగా కూర్చోబెట్టి, చిక్కటి జావ, చిన్న చెంచా, బాగున్న వైపు నోట్లో పెట్టి, మింగాకే రెండోది. తిన్నాక అరగంట అలాగే కూర్చోబెట్టాలి. పల్చటి నీళ్ళు గబగబా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మందులు, టైములు అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకి కట్టు.

ఇంకోటి. ఆవిడ ఏడ్చిన ప్రతిసారీ నీ వల్లే అనుకోకు. పక్షవాతం వచ్చినవాళ్ళలో కొందరికి ఏడుపు, నవ్వు అదుపు తప్పుతాయి, మనసులో ఏమీ లేకపోయినా వచ్చేస్తాయి. నిజంగా దిగులు కూడా పట్టవచ్చు, దానికి మందులున్నాయి. ఈసారి చూపించినప్పుడు డాక్టరుకి చెప్పు.

నువ్వు ఎప్పుడు బీపీ చూపించుకున్నావు? ఈ వారంలో ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి చూపించుకుని ఇక్కడ రాయి.

పెద్దాయన, నరసాపురం:

మంచంలో ఉన్న అత్తగారిని వదిలి తీర్థాలకి వెళ్ళడమేమిటమ్మా. మా అమ్మ మా నాయనమ్మకి పదకొండేళ్ళు చేసింది. ఒక్క పూట ఊరు దాటలేదు. దేవుడు ఎక్కడికీ పోడు, వచ్చే ఏడైనా చూడొచ్చు.

పాలకొల్లు వైపు కోడలు:

నర్సమ్మగారూ, మీరు రాసింది రెండుసార్లు చదివి మా ఆయనకి ఫోన్ ఇచ్చి చదవమన్నాను. గురువారం సంగతి అలా చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత లేచి, కమిలిన చోట ఐస్ పెడదామా అన్నారు, వారం దాటాక. గాలి పరుపు ఉందండి, మరిది కొన్నాడు. డాక్టరుగారిని అడుగుతాను.

పెద్దాయనగారూ, మీరన్నది నేనూ రోజూ అనుకుంటూనే ఉన్నానండి. అందుకే అడిగాను.

మండపేట వైపు రైతు:

పెద్దాయనగారికి నమస్కారం. మీ అమ్మగారు చేసిన సేవ గొప్పది. కానీ ఒక్క మాట ఆలోచించండి. ఆ రోజుల్లో మా ఇంట్లోనూ నాయనమ్మ మంచంలో ఉంటే ఇద్దరు కోడళ్ళు, ఒక పెళ్ళికాని మేనత్త, చాకలి, పాలేరు, పక్కింటి పిన్ని ఉండేవారు. ఒకళ్ళు పొయ్యి దగ్గరుంటే ఒకళ్ళు మంచం దగ్గర ఉండేవారు. ఊరు దాటకపోయినా రాత్రి నిద్ర ఉండేది. ఈ అమ్మాయి అంతమంది పని ఒక్కతే చేస్తోంది.

అమ్మా, నేను మగవాణ్ణి, మా నాన్నకి ఆరేళ్ళు చేశాను. పార్కిన్‌సన్స్, వణుకుడు జబ్బు. తమ్ముడు పూణేలో, చెల్లెలు కాకినాడలో. వాళ్ళంతట వాళ్ళే వస్తారని ఎదురు చూశాను. వాళ్ళు నేను బాగానే చూసుకుంటున్నాను కదా అనుకున్నారు. నాలుగో ఏట వరి కోతలప్పుడు, రాత్రంతా మేలుకుని పొద్దున్నే బండి మీద వెళ్తూ, కాలవగట్టు మీద నడుపుతూ నడుపుతూనే నిద్రపోయాను. బండితో సహా కాలవలో పడ్డాను. నీళ్ళు తక్కువ ఉండబట్టి బతికాను. కాలర్ ఎముక విరిగింది. అప్పుడు తమ్ముడు పది రోజులు సెలవు పెట్టి వచ్చాడు. మూడో రోజు నన్ను అడిగాడు, “అన్నయ్యా, ఇదంతా ఫోన్లో ఎందుకు చెప్పలేదు?” అని. నా దగ్గర జవాబు లేదు.

అందుకని చెప్తున్నాను. “కొంచెం సాయం చెయ్యండి” అని అడగకు. అందరూ సరే అంటారు, ఎవరూ రారు. తేదీ, పని చెప్పి అడుగు. “వదినా, భోగికి రెండు రోజుల ముందు రండి, కనుమ వెళ్ళిన మర్నాడు దాకా ఉండాలి, మీ అమ్మగారికి తినిపించడం, డైపరు మార్చడం నేర్పుతాను” అని అడుగు. మరిదికి “ఆ రాత్రులు చెరువు దగ్గర కాపలాకి మనిషి కూలి నువ్వు పంపు, మీ అన్నయ్య ఇంట్లో పడుకుంటారు” అని చెప్పు. ఫోన్ మీ ఆయన చెయ్యాలి, నువ్వు కాదు. వాళ్ళ అమ్మ కదా.

చట్టం మాట కూడా చెప్తాను, ఎవరినీ బెదిరించమని కాదు, నీ మనసు తేలికపడుతుందని. తల్లిదండ్రుల పోషణకి 2007లో కేంద్రం చట్టం చేసింది. అందులో బాధ్యత ఎవరిదంటే కొడుకు, కూతురు, పెద్దవాళ్ళయిన మనవడు, మనవరాలు అని ఉంది. కోడలి మాట లేదు. నువ్వు చేస్తున్నది నీ ప్రేమ కొద్దీ. దాన్నుంచి మూడు రోజులు అడగడానికి నువ్వు తల వంచుకోనక్కర్లేదు.

అత్తయ్యగారికి ఇప్పుడు వృద్ధాప్య పింఛను వస్తోందా? 2024 జులై నుంచి మన రాష్ట్రంలో అది 4,000. పక్షవాతంతో పూర్తిగా మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకి 15,000 ఇస్తున్నారు. దానికి వైకల్యం ఎంతో చెప్పే సదరం సర్టిఫికెట్ కావాలి. గ్రామ సచివాలయంలో స్లాటు సంగతి, అర్హత సంగతి అడగండి. ఆస్పత్రి కాగితాలు, స్కాన్ రిపోర్టు పోగొట్టుకోవద్దు, తనిఖీలు గట్టిగా ఉన్నాయి. ఆ డబ్బు వస్తే పగలు నాలుగు గంటలు ఊళ్ళోనే ఎవరినైనా పెట్టుకోవచ్చు. దూరం నుంచి తెచ్చిన ఆయా కంటే, పక్క వీధి మనిషిని పెట్టి నేర్పుకుంటే నిలబడతారు. మా నాన్నకి ఆఖరి రెండేళ్ళూ అలాగే జరిగింది.

రాత్రి రెండింటికి నీకు మళ్ళీ అలా అనిపిస్తే 14416కి చెయ్యి. టెలి మానస్, ప్రభుత్వానిది, డబ్బులు పడవు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ తీసే ముందు గది బయటికి వచ్చెయ్. తడిసిన పక్కలో ఆవిడ పది నిమిషాలు ఉన్నా ఏమీ కాదు. నేను అరుగు మీదకి వచ్చి కూర్చునేవాణ్ణి, కొబ్బరాకుల చప్పుడు వింటూ. ఊపిరి కుదురుకున్నాక లోపలికి వెళ్ళేవాణ్ణి. పెద్దవాళ్ళ పింఛను, వైద్యం లాంటివి తెలుసుకోవాలంటే 14567 ఉంది, అది పగలు పనిచేస్తుంది.

రాజోలు ఆడపిల్ల, ఇప్పుడు హైదరాబాద్:

నేను మీ వదిన గారి స్థానంలో ఉన్నదాన్నండి. మా అమ్మ రాజోలులో మా అన్నయ్య వాళ్ళింట్లో ఉంది. తుంటి ఎముక విరిగి లేవలేదు. నేనూ రోజూ ఫోన్ చేసి “అమ్మ మందులేసుకుందా, అమ్మ తిందా” అని అడిగేదాన్ని. ఒకసారి మా వదిన ఫోన్ ఎత్తి, “మీ అమ్మ తింది, నేను తినలేదు, ఐదైంది” అని పెట్టేసింది. నాకు రెండు రోజులు కోపం వచ్చింది. ఎవరికైనా చెప్పుకుందామంటే మాట రాలేదు, ఎందుకంటే ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు.

దూరంగా ఉన్నవాళ్ళకి నిజంగా తెలియదండి. నేను వెళ్ళే ముందు రోజు వదిన ఇల్లంతా తుడిచి, అమ్మకి మంచి చీర కట్టి కూర్చోబెట్టేది. ఆ చీరలో చూసి అంతా బాగానే ఉందనుకుని వచ్చేసేదాన్ని. మీ వదిన గారు వచ్చినప్పుడు ఏదీ సర్దకండి. దుప్పట్లు ఎలా ఉన్నాయో అలాగే ఉండనివ్వండి. రాత్రి ఆవిడ పక్క అమ్మ గదిలోనే వెయ్యండి.

ఇప్పుడు మందులు తెప్పించడం, డైపర్లు ఆన్‌లైన్లో పెట్టడం, డాక్టర్ అపాయింట్‌మెంట్లు అన్నీ ఇక్కడి నుంచి నేనే చూస్తున్నాను. మూడు నెలలకోసారి వారం వెళ్ళి ఉంటాను, వదిన వాళ్ళ అక్క దగ్గరికి రామచంద్రపురం వెళ్తుంది. మొదటిసారి నా చేతిలో అమ్మ కిందకి జారిపోయింది. నేను భయపడి వదినకి ఫోన్ చేస్తే ఆవిడ బస్సు దిగి వెనక్కి వచ్చేసింది. రెండోసారి చెయ్యలేదు. మీ వదిన గారికీ అలాంటిది జరిగితే మీరు వెనక్కి రాకండి.

పాలకొల్లు వైపు కోడలు (పండగ వెళ్ళాక):

వెళ్ళొచ్చానండి. అందరికీ చెప్పాలని నాలుగు రోజుల నుంచీ అనుకుంటున్నాను.

మా ఆయనే ఫోన్ చేశారు వదిన గారికి. ముందు “పండగ పూట మా ఇంట్లో అల్లుడు వస్తాడు, ఎలా కుదురుతుంది” అన్నారట. ఆయన రైతుగారు చెప్పినట్టే తేదీలతో అడిగారు. రెండు రోజులు పోయాక ఆవిడే చేసి, కూతుర్నీ అల్లుణ్ణీ ఇక్కడికే రమ్మంటానన్నారు. భోగికి రెండు రోజుల ముందు వచ్చారు. మరిది కాపలా మనిషికి డబ్బు పంపాడు.

నేర్పడం నేను అనుకున్నంత తేలిగ్గా అవలేదు. మొదటి రోజు డైపరు మార్చేటప్పుడు వదిన గారు బయటికి వెళ్ళి వాంతి చేసుకున్నారు. మళ్ళీ లోపలికి వచ్చారు. తల్లి కదా అని నేను అనలేదు, ఆవిడే అనుకుంటూ వచ్చారు. రెండో రోజు మధ్యాహ్నం తల దువ్వబోయి, పదినిమిషాలు ఆ చిక్కులతో అవస్థ పడి, కత్తెర ఇమ్మన్నారు. నా కుట్టు కత్తెర ఇచ్చాను. నడుము దాకా ఉన్న జుట్టు మెడ దాకా కత్తిరించేశారు. కోడల్ని నేను ఆ పని చేస్తే ఊరు ఊరంతా మాట్లాడేది. పద్నాలుగు నెలలు రోజూ అరగంట దువ్వాను. కూతురికి ఒక్క నిమిషం పట్టలేదు. అత్తయ్యగారు ఎడం చేత్తో మెడ తడుముకుని “పాపా” అని నవ్వారు.

సంక్రాంతి మధ్యాహ్నం బయల్దేరాను. చించినాడ వంతెన మీదకి బస్సు ఎక్కేసరికి ఏడుపొచ్చింది, ఎందుకో చెప్పలేను. గోదావరి నిండుగా లేదు కూడా. ఆ రాత్రి మా అమ్మ పక్కన ఎనిమిదింటికి పడుకుంటే పొద్దున్న ఏడైంది. రెండింటికి ఒకసారి మెలకువ వచ్చి చెయ్యి గోడకి తగిలింది, ఎక్కడున్నానో తెలియలేదు. మా అమ్మ “పడుకో” అంది.

తీర్థం చూశాను. పచ్చటి చేలల్లోంచి ప్రభలు వస్తుంటే రైతులెవరూ పైరు తొక్కారని అనుకోరు, తెలుసు కదా. గంగలకుర్రు వాళ్ళ ప్రభలు కౌశిక కాలవ దాటేటప్పుడు “శరభా, అశ్శరభా” అని కేకలు, నీళ్ళలో మనుషులు, పైన ప్రభకి కట్టిన ఆ రంగుల అలంకారాలన్నీ ఊగుతూ. గట్టు మీద కూర్చుని జీళ్ళు తిన్నాను. అత్తయ్యగారికి జీళ్ళు ఇష్టం, నమలలేరని కొనలేదు. ఖర్జూరం కొన్నాను, మెత్తగా జావలో కలపొచ్చని.

రెండో రోజు సాయంత్రం వదిన గారు ఫోన్ చేశారు. నీళ్ళు గ్లాసుతో పోస్తే పొలమారి చాలాసేపు దగ్గారట. వెంటనే బస్టాండుకి బయల్దేరబోయాను. రాజోలు అమ్మాయి రాసింది గుర్తొచ్చి ఆగాను. ఊపిరి ఎలా ఉంది, జ్వరం ఉందా, పెదాలు నీలంగా ఉన్నాయా అని అడిగి, చెంచాతో ఇమ్మని చెప్పి, ఇంకా ఆయాసం వస్తే ఆస్పత్రికి తీసుకెళ్ళమన్నాను. రాలేదు. జ్వరమూ రాలేదు. ఒళ్ళంతా చెమటలు పట్టాయి నాకు, కానీ వెళ్ళలేదు.

తిరిగొచ్చేసరికి అత్తయ్యగారు నన్ను చూసి మొహం గోడ వైపు తిప్పేసుకున్నారు. రాత్రి దాకా అంతే. తొమ్మిదింటికి పక్కకి తిప్పుతుంటే నా చీర కుచ్చెళ్ళు పట్టుకుని వదల్లేదు. “ఆ రోజు చెయ్యి గుంజాను, తప్పైపోయింది అత్తయ్యగారూ” అని అప్పుడు చెప్పాను. విన్నారో లేదో తెలియదు. కుచ్చెళ్ళు మాత్రం పట్టుకునే నిద్రపోయారు. నేను అలాగే మంచం పట్టె మీద కూర్చున్నాను.

డాక్టరుగారు రాత్రి మూడున్నర గంటలకి సరేనన్నారు. పదింటికి, ఒంటిగంటన్నరకి, ఐదింటికి తిప్పుతున్నాను. సదరం స్లాటు వచ్చే నెలకి వచ్చింది. వదిన గారు వెళ్తూ శివరాత్రికి మళ్ళీ నాలుగు రోజులు వస్తానన్నారు, క్యాలెండర్ మీద ఆవిడే పెన్నుతో గీసి వెళ్ళారు. ఇప్పుడు ఫోన్ చేస్తే ముందు నన్నే అడుగుతున్నారు, “పడుకున్నావా?” అని. మిషను మీద దుప్పట్లు తీసి పక్కన పెట్టాను. పక్కింటావిడ రెండు జాకెట్లు ఇచ్చింది, తొందర లేదంది.

నర్సమ్మగారూ, ఒక్కటి అడగాలి. నిన్నటి నుంచి కుడి మడమ దగ్గర రూపాయి బిళ్ళంత ఎర్రగా ఉంది. నూనె రాసి రుద్దమంటున్నారు ఇక్కడ. రుద్దనా?

అమలాపురం నర్సమ్మ:

రుద్దకు. ఎర్రబడిన చోట రుద్దితే లోపల ఇంకా చెడుతుంది. పిక్క కింద పొడుగ్గా దిండు పెట్టి, మడమ గాల్లో ఉండేలా చూడు, పరుపుకి తగలకూడదు. వేలితో నొక్కి వదిలి చూడు. తెల్లబడి మళ్ళీ ఎరుపెక్కితే దిండుతో తగ్గుతుంది, రెండు రోజులు చూడు. నొక్కినా ఎరుపు అలాగే ఉంటే, పొక్కు వచ్చినా, రేపే డాక్టరుకి చూపించు. అది తగ్గేదాకా రాత్రి తిప్పడం మళ్ళీ రెండు గంటలకి తగ్గించు. అన్నాళ్ళూ రాత్రి ఒక వంతు మీ ఆయన్ని వచ్చి చూడమను, చెరువు దగ్గర్లోనే అయితే.

నీ బీపీ ఎంత వచ్చిందో రాయలేదు.